సర్వం కోల్పోయిన తంగమ్మ రాయునది

గుడియాత్తం,
నవంబరు 19, 2024

చిరంజీవి కోకిలకు, సర్వం కోల్పోయిన మీ అత్త తంగమ్మ రాయునది.

ఆ మాట నాది కాదు, నీది. నిన్న సోమవారం పేపర్లో, ఐదో పేజీ కింద వేసినావు చూడు, అందులోది. నీ మాటతోనే మొదలుపెట్టడం మర్యాద అనుకున్నాను.

నేను బాగుండాను. ఏటి నీళ్ళు శనివారం పొద్దున ఇంట్లోకి వచ్చి, ఆదివారం మధ్యాన్నానికి పోయినాయి. బురద మాత్రం పిలవని చుట్టం మాదిరి కూర్చోనుండాది. నా ఫోను ఆ బురదలోనే యాడో ఉండాది. పక్కింటి కృష్ణమ్మ తన ఫోను ఇస్తానంటే నేనే వద్దన్నాను. ఫోన్లో నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను, జరగాల్సిన మాట జరగదు. అచ్చులో పడిన మాటకు జవాబు రాతలోనే చెప్పాలని మా నాయన, అదే మీ తాత, అనేవాడు. ఈ వీధిలో తెలుగు మాట్లాడే ఇండ్లు నూరు ఉంటే, అందరూ చదివింది అరవ బడి, తెలుగు చదవడం వచ్చింది నాకొక్కదానికే. ఆయన నిన్నూ నన్నూ కూర్చోబెట్టి పలక మీద దిద్దించకుండా ఉంటే నాకీ పొద్దు ఈ తలనొప్పి లేకుండా పోయుండేది.

తలనొప్పి ఏందో చెప్తా. నాకని రోజూ చిత్తూరు బస్సులో ఒక్క కాపీ వస్తాది కదా. వీధిలో నేత దారాల పడుగులు సాచి గంజి పెట్టేటప్పుడు నేను తిన్నె మీద కూర్చోని గట్టిగా చదువుతాను. వాళ్ళు వింటా పని చేసుకుంటారు. నిన్న పడుగులు యాడివి, అందరూ తడిసిన పరుపులు ఎండేసుకుంటా ఉండారు. "మన ఊరి గురించి ఏం పడిందో చూడు తంగమ్మా" అన్నారు. నేత సంఘం సెక్రటరీ సామ్యుల్ కూడా టీ గ్లాసు పట్టుకోని నిలబడినాడు.

"వరదలో మగ్గంతో పాటు సర్వం కోల్పోయిన చేనేత కార్మికురాలు రోడ్డున పడ్డారు" అని చదివినాను. చదివి, "అయ్యో పాపం, ఎవురో" అని నేనే అన్నాను. తర్వాతి వరసలో నా పేరు ఉండాది.

అక్కడ నిలిపేసి ఉండొచ్చు. కానీ అచ్చులో ఉండేది ఉన్నట్టే చదవాలని తాత పెట్టిన కట్టు. ముప్పై ఏండ్లలో నేను ఒక్క మాట కలిపింది లేదు, ఒక్క మాట మింగింది లేదు. అందుకని మొత్తం చదివినాను. "ఇప్పటికే భర్తను కోల్పోయిన తంగమ్మ (61) ఇప్పుడు జీవనాధారాన్ని కూడా కోల్పోయారు." ఫొటో కింద: "మిగిలిన బట్టల మూటతో దిగాలుగా తంగమ్మ." నా సర్వం పోయిందని నా నోటితోనే వీధంతా చాటినాను. ఇట్లాంటి పని లోకంలో ఇంకెవురన్నా చేసుంటారా?

అప్పటి నుంచి పరామర్శలు. కృష్ణమ్మ పెరుగన్నం తెచ్చి, నేను తినేదాకా ఏడ్చింది. ఎదురింటి ఆమె నా చెయ్యి పట్టుకోని "పోనీలే అక్కా, పోయింది పోయింది" అంటాది. ఏం పోయిందో నాకు తెలియాల కదా!

మీ మామను నేను కోల్పోలేదు. పంపించేసినాను. ఆ సంగతి నీకు తెలుసు. మగ్గం గుంట పూడ్చేసి, టైల్స్ వేయించి, ఫోన్ల అంగడి పెడదామన్నాడు. గుంటా నువ్వా, ఈ ఇంట్లో ఒకటే ఉంటాదని చెప్పినాను. నడిచిపోయినాడు. ఇందులో కోల్పోవడం యాడుండాది?

మగ్గం ఉన్నచోటే ఉండాది. అదొక్కటి సరిగ్గా వెయ్యి.

ఇట్లు,
రోడ్డున పడని మీ అత్త,
తంగమ్మ

(శంకరన్ కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. జవాబు కూడా అదే బస్సులో పంపు.)



సత్తువాచ్చారి, వేలూరు,
నవంబరు 21

ప్రియమైన అత్తకు, కోకిల నమస్కారాలు.

నీ ఉత్తరం శంకరన్ అన్న ఆఫీసుకే తెచ్చిచ్చాడు. నీ చేతిరాత చూడగానే ఏడుపొచ్చింది. ఫోనైతే నిజంగానే ఏడ్చేదాన్ని.

ఆ శనివారం నా పరిస్థితి కూడా విను. నీ ఫోన్ మోగడం లేదు. పళ్ళికొండ దగ్గర నీళ్ళు రోడ్డు మీదకొచ్చి బస్సులు ఆపేశారు. మన గుడియాత్తం కంట్రిబ్యూటర్ ఆనంద్‌రాజ్‌ను బతిమాలితే, నడుముల్లోతు నీళ్ళలో వెళ్ళి ఆ ఫొటో తీసి పంపాడు. నువ్వు గడపలో మూట పట్టుకుని నిలబడ్డావు. వెనక గుంటనిండా బురద నీళ్ళు. ఆనంద్‌రాజ్ "మొత్తం పోయింది, భర్త లేరు" అని రెండు ముక్కలు రాశాడు. నీ పేరు వేసి రాస్తే ఎవరో ఒకరు ఆగి నిన్ను చూస్తారు, సాయం చేస్తారు అనుకుని రాశాను. నేను రాలేకపోయాను కాబట్టి, నా బదులు వార్త పంపించాను.

"భర్తను కోల్పోయిన" అన్నది నేను రాయలేదు. "ఒంటరిగా ఉంటున్న" అనే రాశాను. చిత్తూరు డెస్కులో జయరామ్ సార్ మార్చారు. ఒంటరి అంటే పాఠకుడికి జాలి పుట్టదట. మామ సంగతికి మాత్రం క్షమించు.

మగ్గం ఉన్నచోటే ఉందని రాశావు. అత్తా, నేను ఫొటో చూశాను. నువ్వు ఎన్ని జోకులేసినా లోపల ఎట్లా ఉన్నావో నాకు తెలుసు. తాత పోయినప్పుడు కూడా నువ్వు ఇట్లాగే వచ్చినవాళ్ళందరినీ నవ్వించి పంపావు. నా దగ్గర ధైర్యం నటించొద్దు.

ఇంకెన్నాళ్ళు ఆ గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటావు? ఇక్కడికి వచ్చెయ్. గది చిన్నదే గానీ ఇద్దరికి సరిపోతుంది. కింద ఇంటి ఓనరమ్మ తెలుగే, నీకు పొద్దుపోతుంది. కొత్త స్టవ్వు, రెండు చీరలు శంకరన్ అన్నతో పంపుతున్నాను. నీ కోసం ప్రభుత్వ ఆఫీసులో ఒక ఫారం కూడా పెట్టాను, ఆ వివరం తర్వాత రాస్తాను.

నీ
కోకిల



గుడియాత్తం,
నవంబరు 23

చిరంజీవి కోకిలకు, నటన చాతకాని మీ అత్త దీవెనలు.

స్టవ్వు అందింది. నాది కడిగి తుడిస్తే బ్రహ్మాండంగా మండుతా ఉండాది, అందుకని కొత్తది కృష్ణమ్మకు ఇచ్చేసినాను. నిజంగా స్టవ్వు పోయింది ఆమెకే, పేపర్లో పడలేదు పాపం. చీరలు ఉంచుకున్నాను. నాకు నీలం నచ్చదని నీకు ఎన్నిసార్లు చెప్పాల?

పేపరు చంపిన మనిషి నిన్న ఇంటికొచ్చినాడు. నాట్రంపల్లిలో ఎవురో చదివి చెప్పినారంట. మీ లోగనాథం మామ ఒక అరటిగెల భుజాన వేసుకోని వీధిలోకి వచ్చేసరికి, పరామర్శకు వచ్చినవాళ్ళంతా లేచి నిలబడినారు. "నాన్ ఉయిరోడ ఇరుక్కేన్! బతికే ఉండా! పేపరోళ్ళ మీద కేసు పెడతా!" అని ఒకటే అరుపు. నేనన్నాను, "బతికుంటే ఊరికే నిలబడద్దు, ఆ పన్నె ఎండలో పట్టుకో" అని. పదునాలుగేండ్ల తర్వాత ఆయన ఈ ఇంట్లో చేసిన మొదటి పని అదే. రెండు గంటలు నోరు మూసుకోని పట్టుకున్నాడు. కాఫీ ఇచ్చి సాయంత్రం బస్సుకు పంపించేసినాను. అరటిగెల ఉంచుకున్నాను.

ఆ పన్నె గురించి చెప్పాల నీకు. నీ ఫొటోలో నేను పట్టుకోనుండేది బట్టల మూట కాదే పిచ్చిదానా! చీరలో చుట్టిన పన్నె. పడుగు దారాలన్నీ దువ్వెన పండ్ల మాదిరి సందుల్లో నుంచి దూరి వస్తాయి చూడు, ఆ చట్రం. చిన్నప్పుడు దానితో దెబ్బలు తిన్నావు, మరిచిపోయినావా? బట్ట కోసేటప్పుడు మనం దారాలు మొత్తంగా తియ్యము. పన్నెలో జానెడు దారం మిగిల్చి, కొత్త పడుగు వస్తే ఆ కొసలకే ఒక్కొక్కటిగా ముడి వేస్తాము. మీ తాత ఎక్కించిన దారానికి ముడి, దానికి ఇంకో ముడి, ఇట్లా ఈ ఇంట్లో పన్నె ఏనాడూ ఉత్తది కాలేదు. నీళ్ళు గడప దాటేటప్పుడు నేను బీరువా చూడలేదు, బియ్యం చూడలేదు. పడుగును రెండు పక్కలా కోసి, దారాలతో కూడా పన్నె తీసి గుండెకు పట్టుకున్నాను. పన్నె ఉంటే మగ్గం ఉన్నట్టే. మిగతాదంతా కట్టె. నేను దిగాలుగా లేనే, కావలి ఉండాను.

పోయినవి లేవని కాదు. ఎక్కించిన పడుగులో సగం బురదలో పోయింది. తాత ఫొటో కరిగిపోయి, అద్దం మాత్రం మిగిలింది. దానికి నేను ఏడ్చినాను కూడా. కానీ నాకు ఏం పోయిందో నేను చెప్పాల, నువ్వు కాదు.

నాలుగు రోజులుగా పెన్సిలు పెట్టుకోని మీ పేపరు చదువుతా ఉండాను. క్రికెట్టోళ్ళు వికెట్లు కోల్పోయినారు. విరించిపురం కాడ లారీ అదుపు కోల్పోయింది. ఒక లీడరు సహనం కోల్పోయినాడు, ఇంకొకాయన డిపాజిట్టు కోల్పోయినాడు. ఒక పెద్దాయన పోతే జిల్లా పెద్దదిక్కును కోల్పోయింది. ఇంతమంది ఇన్ని కోల్పోతా ఉంటే, అవన్నీ దొరికినవాళ్ళు ఎవురో ఒక్కరి పేరు కూడా వెయ్యరే! చావులో కూడా మీకు వరసలు ఉండాయి. లీడర్లు అస్తమిస్తారు, సినిమావాళ్ళు కన్నుమూస్తారు, మన మాదిరి వాళ్ళు మృతి చెందుతారు. సైకిల్లో పోయేవాడికి మాత్రం దుర్మరణం.

ఫారం ఏంది? ముందు అది చెప్పు.

ఇట్లు,
మీ అత్త



వేలూరు,
నవంబరు 25

అత్తకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి ఆఫీసులో గట్టిగా నవ్వాను. లోగనాథం మామ పన్నె పట్టుకుని ఎండలో నిలబడటం తలుచుకుంటేనే నవ్వొస్తోంది. నువ్వు కాస్త తేరుకున్నావని నమ్మకం కలిగింది.

ఫారం గురించి ఆత్రంగా అడిగావు, మంచి వార్తే. వరద బాధితుల సాయానికి ఇక్కడి ప్రభుత్వ ఆఫీసులో దరఖాస్తు పెట్టాను. నువ్వు రాలేవు కాబట్టి మేనకోడలిగా నేనే సంతకం చేశాను. "మగ్గం పాక్షికంగా నష్టం", "మగ్గం పూర్తిగా నష్టం" అని రెండు గడులు ఉంటాయి. పాక్షికం అంటే వాళ్ళు పట్టించుకోరు, ఏడాది తిప్పుతారు. అందుకని రెండోదానిలో టిక్కు పెట్టి, మన పేపరు కటింగ్ కూడా జతచేశాను. కటింగ్ చూడగానే తీసుకున్నారు. కాగితాలు మీ సంఘానికి కూడా పంపుతారట.

ఇంకో విషయం. నీ వార్త చూసి ఇద్దరు దాతలు ఫోన్ చేశారు. జయరామ్ సార్ చాలా సంతోషపడ్డారు. "సర్వం కోల్పోయిన తంగమ్మకు ఆపన్నహస్తం" అని రేపో ఎల్లుండో వేద్దామన్నారు. ఆనంద్‌రాజ్ బియ్యం మూటతో వస్తాడు. మూట తీసుకుంటూ ఒక్క ఫొటో దిగు అత్తా. కొంచెం నవ్వు తగ్గించుకుని దిగు.

మగ్గం గురించి నీ బాధ అర్థమైంది. కానీ సాయం అందేదాకా మగ్గం ఉందీ ఉందీ అని అందరికీ చెప్పకు.

నీ
కోకిల



గుడియాత్తం,
నవంబరు 27

కోకిలా,

దీవెనలు తర్వాత. ముందు ఇది చదువు.

పొద్దున సామ్యుల్ ఇంటికొచ్చినాడు. చేతిలో నీ ఫారం. "మగ్గం పూర్తిగా పోయిందని మీ ఇంటి మనిషే సంతకం పెట్టింది తంగమ్మా. మగ్గం లేని వాళ్ళకు సంఘం పడుగు ఇవ్వకూడదు, అది రూలు. సోమవారం, రెండో తేదీ, పైకి పోయే మగ్గాల జాబితాలో నీ పేరు తీసేయాల" అన్నాడు. మంచివాడే. చెప్పేటప్పుడు తల దించుకున్నాడు.

"మగ్గం ఇదో, కండ్లతో చూడు" అన్నాను. గుంటలో బురదంతా నేనూ కృష్ణమ్మా తోడేసినాము, నిట్రాళ్ళు కడిగి పెట్టినాము. చూసినాడు. "దీని మీద పడుగు యాడుండాది? ఆడని మగ్గాన్ని మగ్గమని ఎట్లా రాసేది?" అంటాడు. పడుగు ఇస్తేనే కదయ్యా ఆడేది! మగ్గం ఆడితేనే పడుగు ఇస్తాడంట, పడుగు ఇస్తేనే మగ్గం ఆడతాది. పెండ్లి కుదిరితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెండ్లి కుదరదు అన్నట్టుండాది మా కథ.

"పేపర్లో పడింది, నువ్వే చదివినావు. నువ్వు చదివితే అది నిజమే అని ఈ వీధికి ముప్పై ఏండ్ల అలవాటు. పోలేదని అదే పేపర్లో పడనీ, నేను చూసుకుంటా" అని చెప్పిపోయినాడు. జాబితాలో ఒకసారి పేరు పోతే మళ్ళా ఎక్కిన ఆడమనిషిని ఈ ఊర్లో నేను చూడలేదు. నాకు అరవై ఒకటి. ఎక్కించుకుంటారా?

ఆనంద్‌రాజ్ బియ్యం మూటతో వచ్చినాడు. నీళ్ళు పడి నిజంగా వంట లేని ఇండ్లు నాలుగు చూపించి, అక్కడ ఇచ్చి రమ్మన్నాను. ఫొటో వద్దన్నాను. "అక్కా, నవ్వకుండా నిలబడితే చాలు" అంటాడు. పన్నె చేతికి తీసుకున్నాను. పోయినాడు.

వరద నాకు సగం పడుగు పోగొట్టింది. మిగతాదంతా నువ్వు పోగొడతా ఉండావు, అది కూడా నా మీద ప్రేమతో. నా మగ్గం పోయిందని నీకు అంత తొందర ఎందుకే? నేను వేలూరొచ్చి, నీ ఓనరమ్మతో పొద్దు పుచ్చుకుంటా, నువ్వు తెచ్చే నీలం చీరలు కట్టుకోని కూర్చుంటే నీకు నిశ్చింత. నీ నిశ్చింత కోసం నన్ను బాధితురాలిని చెయ్యద్దు.

ఆదివారం పేపర్లో పడాల. పడకపోతే నేను సంఘం గడపలో మగ్గం నాటుతా.

తంగమ్మ



వేలూరు,
నవంబరు 29

అత్తా,

క్షమించు అని రాస్తే నువ్వు పెన్సిలుతో కొట్టేస్తావు. చేసింది రాస్తాను.

నీ ఉత్తరం అందిన వెంటనే ఆ ప్రభుత్వ ఆఫీసుకు వెళ్ళి ఫారం వెనక్కి తీసుకుంటున్నట్టు రాసిచ్చాను. గుమస్తా ఆశ్చర్యపోయాడు. "నష్టం లేదని రాసిచ్చినవాళ్ళను నా సర్వీసులో చూడలేదమ్మా" అన్నాడు. ముద్ర వేసిన నకలు దీనితో పంపుతున్నాను.

తర్వాత చిత్తూరు బస్సెక్కి జయరామ్ సార్ దగ్గరికి వెళ్ళాను. సవరణ వెయ్యాలి సార్ అన్నాను.

"ఏమని?"

"తంగమ్మ మగ్గం కోల్పోలేదని."

"కోల్పోలేదు అనేది వార్త ఎట్లవుతుందమ్మా? రేపు గుడియాత్తంలో కూలిపోని ఇళ్ళ జాబితా కూడా వేస్తావా?" అన్నారు. అప్పటికే ఇద్దరు దాతలకు మాటిచ్చాం, ఇప్పుడు సవరణ వేస్తే పేపరు విశ్వసనీయత కోల్పోతుంది అన్నారు. అత్తా, ఆ మాట వినగానే నువ్వు పక్కన ఉన్నట్టే అనిపించింది. నవ్వాపుకోలేకపోయాను. సార్ సహనం కోల్పోయారు.

బయటికొచ్చి ఆ రోజు నేను రాసిన వార్తలన్నీ తీసి చూశాను. ఎనిమిది. వాటిలో ఏడింట్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి కోల్పోయారు. మిగిలిన ఒక్కటి కోల్పోయిన పరువు గురించి. నా చెయ్యి దానంతట అదే ఆ మాట రాసేస్తోంది. మనుషులు కనపడటం మానేసి ఎన్నాళ్ళయిందో తెలియదు. నువ్వు గుండెకు పట్టుకున్న పన్నెను నేను బట్టల మూట అని రాశాను. ఆ పన్నె చాటున ఆడుకుని పెరిగినదాన్ని. దానికి మాత్రం సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను.

వార్తగా వెయ్యరు. అయినా పేపర్లో నా సంతకంతో వేయించే చోటు ఒకటుంది. చిన్న ప్రకటనల కౌంటర్‌లో వినోదిని ఉంటుంది, నా స్నేహితురాలు. "పోగొట్టుకున్నవి" అనే శీర్షిక కింద మార్కుల లిస్టులూ, రేషన్ కార్డులూ పోయినవాళ్ళు ప్రకటనలు ఇస్తారు కదా. అక్కడ ఇచ్చాను.

"ఏం పోయింది?" అని అడిగింది వినోదిని.

"ఏమీ పోలేదు."

"మరి ఈ శీర్షిక కిందేనా?"

"కిందే. అందరూ చూసేది అక్కడే."

ఆదివారం వస్తుంది. నా ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. నువ్వు మాత్రం ఉన్నది ఉన్నట్టు చదువు.

నీ
కోకిల



గుడియాత్తం,
డిసెంబరు 2

నా బంగారు కోకిలకు, అత్త తంగమ్మ రెండు చేతులా దీవించి రాయునది.

మొదట నా పని చెప్తాను, తర్వాత నీది.

పడుగు ఇవ్వకపోతే మానె అని, గురువారం నుంచి కృష్ణమ్మను తోడు పెట్టుకోని వీధి వీధంతా తిరిగినాను. ప్రతి ఇంట్లోనూ చిక్కుపడిన మిగులు దారం ఉంటాది, అటక మీద వేసి మరిచిపోయింది. "ఏ రంగైనా సరే, రెండు గజాలుంటే చాలు" అన్నాను. పరామర్శకు వచ్చినోళ్ళే తెచ్చి ఇచ్చినారు. ఎదురింటామె తన కూతురి పెండ్లి చీర నేసినప్పటి పట్టు దారం ఇచ్చింది. రెండు వేల చిల్లర ముడులు, ఇద్దరమే వేసినాము. నా వేళ్ళు వాచినాయి, దానికి మీ పేపర్లో ఏ మాట ఉండాదో తెలియదు. శనివారం సాయంత్రానికి మగ్గం ఆడింది. ఎరుపు, పసుపు, పచ్చ, ఏ పక్కన ఏది వస్తాదో దానికే తెలియదు. అంత అందవికారమైన లుంగీ ఈ గుడియాత్తంలో ఎవురూ నేసుండరు.

ఆదివారం పొద్దున పేపరు వచ్చింది. సామ్యుల్ వచ్చినాడు, వీధంతా వచ్చింది. నేను తొందర పడలేదు. మొదటి పేజీ నుంచి చదివినాను, రాజకీయం, రాశిఫలాలు, అన్నీ. సామ్యుల్ మూడు టీలు తాగినాడు. చిన్న ప్రకటనలకు వచ్చి, ఎవురిదో రేషన్ కార్డు పోయిందని చదివి, ఆ కిందది చదివినాను.

"గుడియాత్తం నేతగత్తె తంగమ్మ (61) మగ్గం పోలేదు. ఉన్న గుంటలోనే ఉంది. ఆమె చేతిలో ఉన్నది బట్టల మూట కాదు, పన్నె. భర్త లోగనాథం నాట్రంపల్లిలో బతికే ఉన్నాడు. ఇవి పోయాయని నవంబరు 18న ఈ పత్రికలో రాసింది నేనే. తప్పు నాది. – కోకిల, విలేకరి."

"తప్పు నాది" అనే కాడ నిలిపేసినాను. ముప్పై ఏండ్లలో చదువుతా చదువుతా నేను నిలిపింది అదే మొదటిసారి. అందరూ చూస్తా ఉండారు. కండ్లు తుడుచుకోని మళ్ళా మొదటి నుంచి చదివినాను.

వీధి మూల మీదుండే ఒకాయన అన్నాడు, "చదివేది ఆమె, రాసింది ఆమె మేనకోడలు. అందులో నిజంగా ఏముండాదో మనకేం తెలుసు?" అని. న్యాయమైన మాటే.

సామ్యులే జవాబు చెప్పినాడు. "పోయిన సోమవారంగాక అంతకుముందు సోమవారం, ఆమె సర్వం పోయిందని పేపర్లో పడింది. చదివేది ఆమే, వినేది మనము, ఒక్క ముక్క తెలుగు అచ్చు మనకు రాదు. మింగేసి ఉంటే ఎవురికి తెలుస్తాది? తనకు చెడ్డగా పడిందాన్నే మార్చకుండా చదివిన మనిషి, మంచిగా పడిందాన్ని మార్చి చదువుతాదా?" అని.

తర్వాత లోపలికొచ్చి మగ్గం చూసినాడు. నేను గుంటలో దిగి నాలుగు పోట్లు నేసి చూపించినాను. ఆ రంగులు చూసి, నవ్వు ఆపుకోని, "ఇది లుంగీనా?" అన్నాడు. "మగ్గం ఆడతా ఉండాదా లేదా అది రాసుకో, అందం నీకెందుకు" అన్నాను. రాసుకున్నాడు. ఈ పొద్దు జాబితా పైకి పోయింది, నా పేరు అందులో ఉండాది. గురువారం కొత్త పడుగు ఇస్తారు.

నువ్వు చేసిన తప్పు పెద్దది. దిద్దుకున్నది అంతకంటే పెద్దది. మీ తాత ఉండుంటే నిన్ను దగ్గరకు తీసుకునేవాడు. నీ ఉద్యోగం సంగతి రాయి.

ఇట్లు,
ఏదీ పోగొట్టుకోని మీ అత్త



వేలూరు,
డిసెంబరు 4

అత్తా,

నీ ఉత్తరం వినోదినికి చదివి వినిపించాను. ఆ లుంగీ తనకే కావాలంటోంది.

ఉద్యోగం ఉంది. కానీ వార్తలు రాయొద్దన్నారు. "నీకు ఆ కాలమ్ అంత ఇష్టమైతే అక్కడే ఉండు" అని జయరామ్ సార్ నన్ను శ్రద్ధాంజలులూ, పోగొట్టుకున్నవీ వేసే పేజీకి మార్చారు. అందరూ దాన్ని శిక్ష అంటున్నారు. మొదటిరోజు నాకూ అలాగే అనిపించి బాత్‌రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను.

నిన్న పళ్ళికొండ నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఇంటి పెద్దాయన పోయి ఏడాది. ఎప్పుడూ వేసే "మీరు లేని లోటు తీరనిది" అన్న నమూనా చూపించి, ఇదే వెయ్యండి అన్నారు. ఆయన రోజూ ఏం చేసేవారు అని అడిగాను. కూతురు, "గుడి దగ్గర పూలకొట్టు. మాలలు కట్టేవాడు. తులసి ఎవరికీ అమ్మేవాడు కాదు, ఊరికే ఇచ్చేసేవాడు" అంది. అదే రాస్తానన్నాను. ఆమె ఏడ్చింది, వాళ్ళమ్మ నవ్వింది. ఈ రోజు అలాగే పడింది. జయరామ్ సార్ ఒక్క మాట కూడా మార్చలేదు.

అత్తా, నేను ఇక్కడే ఉంటాను. తరిమినా వెళ్ళను.

నీ
కోకిల



గుడియాత్తం,
డిసెంబరు 6

చిరంజీవి కోకిలకు, పని మీదున్న మీ అత్త హడావుడిగా రాయునది.

పడుగు వచ్చింది. మంచి దారం. ముడి వెయ్యాల. ఎదురుగా కూర్చోని కొస అందించేదానికి ఒక మనిషి కావాల, కృష్ణమ్మ కూతురింటికి పోయుండాది.

తులసి ఊరికే ఇచ్చేసేవాడు అనేదాన్ని వీధిలో చదివినాను. ఆయన ఎవురో మాలో ఎవురికీ తెలియదు. అయినా ఇద్దరు ముగ్గురు "మంచి మనిషి" అన్నారు. ఇంతకాలం అన్ని చావులు చదివినాను, ఆ మాట ఎవురూ అనలేదు.

ఆ పేజీ నీ చేతికి వచ్చింది కాబట్టి, నాది ఇప్పుడే రాసి పంపుతా ఉండాను. దాచిపెట్టు. తొందరేమీ లేదు, నాకు ఈ పడుగు అయిపోవాల, ఇంకా చాలా పడుగులు అయిపోవాల. జయరాము మార్చకుండా నువ్వే కావలి ఉండు. అస్తమయం వద్దు, తీరని లోటు వద్దు. ఇంతే వెయ్యి:

"తంగమ్మ, గుడియాత్తం. నేసేది, పేపరు చదివేది. చనిపోయింది. పన్నెలో దారాలు అట్లే ఉండాయి. ముడి వెయ్యడం తెలిసినవాళ్ళు రావచ్చు."

అది పడిననాటికి, ముడి వెయ్యడం తెలిసినవాళ్ళు ఒక్కరైనా ఉండాల కదా. ఆదివారం పొద్దున మొదటి బస్సెక్కు. గోళ్ళు కత్తిరించుకోని రా.

ఇట్లు,
మీ అత్త,
తంగమ్మ